ఇంట్లో పొదిగించిన కోడిపిల్లలు: శుద్ధజాతా, క్రాసా? ఎదుగుదలలో ఏది మేలు?

కూరకే పెంచుకునేట్టయితే, రెండు వేర్వేరు శుద్ధజాతులను జతకడితే పుట్టే మొదటి తరం క్రాస్‌దే పైచేయి. కాకపోతే అది తండ్రినీ తల్లినీ మించి బలుస్తుందన్న ఆశ పెట్టుకోకండి. బరువులో క్రాస్ పిల్ల సాధారణంగా రెండు జాతులకూ నడుమనో, కాస్త పైనో ఉంటుంది. అసలు లాభం గుడ్లు బాగా పిల్లలవడంలోనూ, పిల్లలు చావకుండా నిలవడంలోనూ ఉంది.

పోల్చి చూసేటప్పుడు లెక్క తప్పేది ఎక్కువగా గుడ్డు దగ్గరే. పుట్టిన పిల్ల బరువు గుడ్డు బరువులో దాదాపు మూడింట రెండు వంతులు. 60 గ్రాముల గుడ్డు నుంచి 40 గ్రాముల పిల్ల వస్తే, 45 గ్రాముల గుడ్డు నుంచి 30 గ్రాములదే వస్తుంది. ఆ తేడా మొదటి వారాల్లో తూకంలో కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని జాతి గొప్ప అనుకుంటాం. అందుకే దాదాపు ఒకే బరువున్న, వారం లోపు పెట్టిన గుడ్లను ఒకే రోజు పొదగేయాలి.

తర్వాతి చిక్కు పుంజులది. పుంజుపిల్లలు పెట్టల కంటే వేగంగా పెరుగుతాయి. ఒక గుంపులో అవి ఎక్కువుంటే సగటు పైకి పోతుంది. రోడ్ ఐలండ్ రెడ్ జాతి పుంజును లైట్ ససెక్స్ జాతి పెట్టలకు వేస్తే ఎర్రగా పుట్టేవి పెట్టలు, లేత రంగువి పుంజులు. చాలా శుద్ధజాతుల్లో ఈ సౌకర్యం ఉండదు. కాబట్టి ప్రతి పిల్లకూ నంబరు రింగు వేసి, వారం వారం మేత పెట్టకముందే తూచి రాసుకోండి. తలపై తురాయి తేలి ఆడామగా తెలిశాక పాత తూకాలను ఆడామగగా విడదీయవచ్చు. కాలు లావయ్యేకొద్దీ రింగు మార్చకపోతే చర్మంలోకి కోసుకుపోతుంది.

రెండు గుంపులకూ ఒకే వేడి, ఒకే దాణా ఉండాలి: మొదటి వారం 35 డిగ్రీలు, ఆపై వారానికి 3 చొప్పున తగ్గింపు, 20 శాతం మాంసకృత్తులున్న స్టార్టర్ (పిల్లల తొలి దాణా). మాంసకృత్తులు సరిపోని మేత వేస్తే క్రాస్ ముందంజ సరిగా బయటపడకపోవచ్చు.

శుద్ధజాతి పిల్లలు మరీ నీరసంగా ఉంటే జాతిని నిందించే ముందు పుంజును చూడండి. చిన్న మందలో అన్నాచెల్లెళ్లే జత కడుతుంటే పొదుగుడూ, ఎదుగుదలా రెండూ పడిపోతాయి. చుట్టరికం లేని పుంజును తెచ్చి మళ్లీ పోల్చాలి. పాత పుంజు వీర్యం పెట్టలో రెండు మూడు వారాలు నిలుస్తుంది. అన్నాళ్ల గుడ్లు వంటకే.

క్రాస్‌ను క్రాస్‌తోనే కట్టించడం మాత్రం వద్దు. వచ్చిన బలంలో సగం మరుసటి తరానికే పోతుంది, సైజూ రంగూ తలోదారి పడతాయి. క్రాస్ కావాలన్నా రెండు శుద్ధజాతి మందలను నిలుపుకోవాల్సిందే.