రాగికి నీళ్లు, తిండి: రెండున్నరేళ్ల వాడకం తరువాత

రాగి మా కుక్క. ఒంటి రంగును బట్టి పెట్టిన పేరది. రాగి సంకటి పెడితే మాత్రం వాసన చూసి వెళ్లిపోతుంది. వీధిలో దొరికిన నాటు పిల్ల, ఇప్పుడు నాలుగేళ్లది, 19 కిలోలు. రెండున్నరేళ్లుగా వారానికి నాలుగు రోజులు విశాఖ బీచ్ రోడ్డు మీద నాతో ఆరు కిలోమీటర్లు పరుగెడుతోంది. నా నడుముకు బెల్టు, దాని ఒంటికి హార్నెస్ (ఛాతీ చుట్టూ బిగించే పట్టీలు), మధ్య సాగే తాడు. మంచుబండ్లు లాగే కుక్కలకు మంచు లేని కాలంలో సాధన చేయించడానికి ఐరోపాలో మొదలైన ఈ ఆటను కానిక్రాస్ అంటారట. ఆ పేరు తెలిసేనాటికే దాని కోసం నేను కొన్నవాటితో ఒక అలమర నిండింది. వాటిలో ఏది పనికొచ్చిందో, ఏది మూలపడిందో చెబుతాను.

మొదట కొన్నది సీసా. 450 రూపాయలు. పైన ఆకులాంటి దోనె ఉంటుంది. మీట నొక్కితే అందులోకి నీళ్లు వస్తాయి, తాగగా మిగిలినవి తిరిగి సీసాలోకి పోతాయి. నెల రోజులు మురిసిపోయాను. తరువాత ఒకరోజు వంగి రాగి తాగే తీరు చూశాను. కుక్క నాలుకను వెనక్కి గరిటెలా మడిచి నీళ్లను పైకి లాగుతుంది. దానికి వెడల్పు కావాలి. ఈ ఇరుకు దోనెలో నాలుక అంచులకు కొట్టుకుని సగం నీళ్లు రోడ్డు పాలు. ఇక మిగిలిన నీళ్లు వెనక్కి పోయే సౌకర్యం ఉందే, దానితో పాటు జొల్లు, ఇసుక కూడా వెనక్కి పోతాయి. ఎనిమిదో నెలలో మూత దగ్గరి రబ్బరు వలయం విప్పితే కింద నల్లటి బూజు. అన్నాళ్లూ విప్పి చూడకపోవడం నా తప్పు. పళ్లు తోముకునే బ్రష్షు కూడా దూరని సందు పెట్టడం మాత్రం నా తప్పు కాదు.

150 రూపాయల మడత గిన్నె దీనికన్నా ఎంతో నయం. ఇసుక అంటుకుంటుంది, దులిపితే పోతుంది. ఏడాదికి మడత దగ్గర చిరిగింది, ఇంకొకటి కొన్నాను.

అసలు సంగతి వేరే ఉంది. పరుగు మధ్యలో ఏ గిన్నెలో పోసినా రాగి సరిగ్గా తాగదు. రెండు గుక్కలు వేసి తల తిప్పేస్తుంది, దాని ధ్యాసంతా ముందున్న దారి మీదే. అలాస్కాలో మంచుబండ్లు నడిపేవాళ్లకు ఇది పాత సమస్యే. నీళ్లలో మాంసమో కొవ్వో కలిపి, వాసనకు కుక్క తనంతట తానే తాగేలా చేస్తారు. నేను అదే పట్టుకున్నాను. ఆదివారం పావుకిలో ఎముక లేని కోడి మాంసం లీటరు నీళ్లలో ఉడికించి, వడకట్టి, ఆ నీళ్లను ఐస్ ట్రేలో గడ్డ కట్టిస్తాను. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఇది మా అమ్మకు నచ్చజెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది. "చప్పటి నీళ్లు మూగజీవికి ఎలా పోస్తావే?" అని ఇప్పటికీ అంటుంది.

తెల్లవారుజామున నాలుగుంబావుకు పావు లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు గడ్డలు వేస్తాను. అవి కరిగేదాకా రాగి ఆగదు. స్టీలు గిన్నెను నాకుతూ వంటింటి నేల మీద తోసుకుంటూ పోతుంది. గిన్నె గ్యాస్ సిలిండరుకు తగిలి ఠంగుమంటే నీళ్లు అయిపోయాయని నాకు తెలుస్తుంది. ఐదున్నరకు పరుగు మొదలయ్యేలోపు మూత్రానికి తీసుకెళితే, లేత రంగులో ఉందో లేదో కూడా చూసుకోవచ్చు. ఈ రెండున్నరేళ్లలో నేను నేర్చుకున్నవాటిలో ఎక్కువ పనికొచ్చింది ఇదే. ఖర్చు కూడా దాదాపు లేదు.

అయితే నీళ్లు తాగించినంత మాత్రాన సరిపోదని మొన్నటి మే నెల చూపించింది. ఐదున్నరకే 28 డిగ్రీలు, గాలి కదలడం లేదు. కుక్కకు చెమట పట్టేది అరికాళ్లలోనే, ఒళ్లు చల్లబడేది ప్రధానంగా రొప్పడం వల్లే. గాలిలో తేమ నిండితే నాలుక మీది తడి ఆరదు, ఎంత రొప్పినా వేడి దిగదు. కురుసుర జలాంతర్గామి దాటాక రాగి ఆగి, పొట్ట నేలకు ఆనించి పడుకుంది. నాలుక వెడల్పై కొస చెంచాలా విచ్చుకుంది. చిగుళ్లు ఇటుక ఎరుపు. వేలు పెడితే అతుక్కుంది. ఉన్న నీళ్లన్నీ పొట్ట మీద, తొడల మధ్య పోసి, చేత్తో విసురుతూ ఆటోలో పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాను. ఒంటి వేడి చూస్తే 40.6 డిగ్రీల సెల్సియస్. మామూలుగా 38, 39 మధ్య ఉండాలి. మధ్యాహ్నానికి తేరుకుంది. తడి తువ్వాలు కప్పి ఉంచితే వేడి లోపలే ఆగిపోతుందని, నీళ్లు పోస్తూ గాలి తగలనివ్వాలని అక్కడే తెలుసుకున్నాను. అప్పటి నుంచి ఏప్రిల్, మే, జూన్‌లలో రెండు కిలోమీటర్లు, అదీ గాలి వీస్తుంటేనే. నా కోసం మోసే నీళ్లకన్నా దాని మీద పోయడానికి మోసే నీళ్లే ఎక్కువ.

తిండి విషయంలో నేను చేసిన పొరపాటు తక్కువ పెట్టడం కాదు. పరుగెత్తే కుక్క కదా అని మొదటి ఏడాది డ్రై ఫుడ్ పెంచి, పైన గుడ్డు, అన్నం కలిపాను. 19 కిలోలది 21.5 అయింది. డాక్టరు నా చేయి తీసుకుని దాని పక్కటెముకల మీద ఉంచి, "తగులుతున్నాయా?" అన్నారు. తగల్లేదు. లెక్క వేస్తే తలవంపుగా ఉంది. కుక్క కిలోమీటరు పరుగెడితే కిలో బరువుకు సుమారు ఒక కేలరీ ఖర్చు, అంటే మా ఆరు కిలోమీటర్లకు 120 లోపే. దానికి రోజంతటికీ కావలసింది వెయ్యి పైచిలుకు. రోజుకు వంద కిలోమీటర్లకు పైగా బండి లాగే మంచు కుక్కలు పదివేల కేలరీలు తింటాయని చదివి, బీచ్ రోడ్డు మీద తిరిగే దానికి అదే పద్ధతి పెట్టానన్నమాట.

ఇప్పుడు రాత్రి ఏడింటికి ప్రధాన భోజనం, నీళ్లలో నానబెట్టిన డ్రై ఫుడ్. ఉదయం పరుగయ్యాక గంట ఆగి మిగతాది. పరుగుకు నాలుగు గంటల ముందు నుంచి తిండి లేదు. ఒకసారి గంట ముందు పెరుగన్నం పెడితే ఆంధ్రా విశ్వవిద్యాలయం దిగువ రోడ్డు మీద అంతా కక్కేసింది. గ్రేట్ డేన్, డాబర్మాన్ లాంటి లోతు ఛాతీ జాతులకైతే కడుపు ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంది. అది ప్రాణం మీదికి తెస్తుంది.

మనుషులు నీళ్లలో కలుపుకుని తాగే ఎలక్ట్రోలైట్ (లవణాల) పొడి డబ్బా కూడా కొన్నాను, వృథా. మనలా చెమటలో ఉప్పు పోయే జీవి కాదిది, రొప్పితే పోయేది నీరే. పైగా చక్కెర లేనివని అమ్మేవాటిలో కొన్నింట్లో చక్కెరకు బదులు తీపి కోసం వాడే జైలిటాల్ ఉంటుంది. అది కుక్కలకు విషం. సముద్రపు నీళ్లు కూడా తాగనివ్వకండి. ఒక్కసారి నేను చూడకుండా అలలో నాలుగు గుక్కలు వేసింది, ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

తిరుగు దారిలో కొబ్బరి బొండాల బండి అతను రాగిని చూస్తే నీళ్లు తీసిన బొండాన్ని రెండుగా చీల్చి ఒక చిప్ప నేల మీద పెడతాడు. కొబ్బరి నీళ్లు దానికి అవసరం లేదు కాబట్టి అందులో నా మామూలు నీళ్లే పోస్తాను. లేత కొబ్బరి అంటిన ఆ చిప్పలో మాత్రం చుక్క మిగల్చకుండా తాగుతుంది. 450 రూపాయల సీసా మా బాల్కనీలో తులసికి నీళ్లు పోస్తోంది. ఆ పనికి బాగుంది.