మూడు వేల రూపాయల హాలు, బుచ్చిలో ఒక సున్నపు గోడ

మనిషికి మూడు వేల చొప్పున ముగ్గురికీ తొమ్మిది వేలు కట్టి మొన్న డిసెంబరులో నెల్లూరు వెళ్ళాం. పాత ఇళ్ళ యజమానులకి రెండు రోజుల శిక్షణ అన్నారు. సున్నం పని దగ్గరుండి చేసి చూపిస్తామన్నారు. రెండో రోజు బస్సులో పాత మండువా ఇళ్ళకి తీసుకెళ్తామన్నారు. రెండిట్లో ఒక్కటీ జరగలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. అయితే అదే ప్రయాణంలో పైసా అడగని ఒక మేస్త్రీ దగ్గర నేర్చుకున్నది ఉంది, అదీ రాయాలి.

ముందు మా ఇంటి సంగతి. కావలి దగ్గర పల్లెలో మా తాతగారు కట్టిన మండువా ఇల్లు అది. అమ్మ పుట్టింది ఆ ఇంట్లోనే. వెనక భాగమంతా మిద్దె. టేకు దూలాల మీద చిన్న చిన్న ఇటుకలు నిలబెట్టి సున్నంతో కట్టారు, ఆ పైన సున్నపు కాంక్రీటు పోసి చెక్కలతో రోజుల తరబడి కొట్టారు. 2021 నవంబరు వానలకి పడమటి గోడ బాగా తడిసి పెచ్చులూడింది. ఊళ్ళో వాళ్ళ మాట విని సిమెంటు పూత వేయించాం. రెండేళ్ళు తిరక్కుండా ఆ సిమెంటు పలకలు పలకలుగా ఊడొచ్చింది, వెనక ఇటుక వేలితో గీరితే పిండిలా రాలుతోంది. అమ్మేద్దామని మా వారి పోరు. ఆ మాట చెవిన పడితే అమ్మ ఆ పూట అన్నం ముట్టదు.

సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కి పొద్దున్నే దిగాం. రైలుకి వంక పెట్టడానికి ఏమీ లేదు.

లాడ్జి మాత్రం ఏడిపించింది. నిర్వాహకులే కుదిర్చారు, రోజుకి 1,800. లిఫ్టు ఉందని ఫోన్‌లో రెండుసార్లు అడిగి మరీ వెళ్ళాను. తీరా చూస్తే లిఫ్టుకి తాళం, గది మూడో అంతస్తు. అమ్మకి 78 ఏళ్ళు, మోకాళ్ళు అరిగిపోయాయి. కింద గది ఇమ్మంటే, "పెద్దావిడ వస్తారని ముందే చెప్పాల్సింది మేడమ్" అన్నాడు కౌంటర్లో అబ్బాయి, సెల్‌ఫోన్‌లోంచి తలెత్తకుండానే. మెట్టుమెట్టుకీ ఆగుతూ అమ్మ పైకి చేరేసరికి పావుగంట పట్టింది. వేడినీళ్ళు ఆరు నుంచి ఏడు వరకేనట. అదనపు పరుపుకి 500 తీసుకుని పలచటి బొంత పడేశారు. మంచం పక్క గోడంతా చెమ్మ, రంగు బుడగలు లేచి ఉంది. మా వారు ఆ గోడ చూసి, "మన ఇల్లే నయం" అన్నారు. ఈ నాలుగేళ్ళలో ఆ ఇంటి గురించి ఆయన నోట మంచిమాట వినడం అదే మొదలు. ముసలివాళ్ళతో వెళ్ళేవాళ్ళు డబ్బు కట్టక ముందే ఒకరు వెళ్ళి గది చూసి రండి, ఫోన్ మాట నమ్మకండి.

ఇక హాలు. ఏసీ బాగుంది, కుర్చీలు బాగున్నాయి. యాభై మందిమి ఉంటాం, ఎక్కువగా రిటైరైనవాళ్ళే, చాలామంది సెల్‌ఫోన్‌లో తమ ఇంటి ఫోటోలు పెట్టుకుని వచ్చారు. పొద్దున రెండు గంటలు రాజస్థాన్ హవేలీలు, విదేశాల కోటలు తెర మీద చూపించారు. నెల్లూరు జిల్లా ఇల్లు ఒక్కటి కూడా లేదు. మధ్యాహ్నం ఒక వకీలు గారు మాట్లాడిన ముప్పావుగంట ఒక్కటే పనికొచ్చింది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆ పరిధిలో ఇల్లుంటే మరమ్మతుకైనా అనుమతి తీసుకోవాలి. ఇల్లు పాతదైనంత మాత్రాన ఈ చట్టం వర్తించదు అని ఆయన వివరంగా చెప్పారు. వారసులందరి సంతకాలూ లేకుండా పని మొదలుపెట్టొద్దని కూడా గట్టిగా చెప్పారు. మా ఇంటికి ఏడుగురు వారసులం, ఆ మాట రాసుకున్నాను.

తర్వాత సున్నం పని చూపిస్తారని ఎదురుచూస్తుంటే, టై కట్టుకున్న ఒకాయన డబ్బాలు పట్టుకుని వేదికెక్కాడు. వాటర్‌ప్రూఫింగ్ రసాయనం. ఎంత పాత గోడకైనా రెండు కోటింగులు వేస్తే చాలన్నాడు. బల్లల దగ్గరికొచ్చి కొలతలడిగి లెక్కలు కూడా వేసిచ్చారు. మా ఇంటికి లక్షా ఎనభై వేలట. సున్నం గోడ మీద అది వేస్తే లోపలి చెమ్మ ఎటు పోతుందని నేను లేచి అడిగాను. "టీ బ్రేక్‌లో మాట్లాడుకుందాం మేడమ్" అన్నాడు. టీ వేళకి మనిషి కనిపించలేదు. మేం కట్టిన తొమ్మిది వేలు ఆ డబ్బాల ప్రచారానికి కట్టినట్టయింది. రెండో రోజు ఇళ్ళు చూపించడం కుదరదనీ, బదులుగా పల్లెపాడు ఆశ్రమానికి తీసుకెళ్తామనీ సాయంత్రం మైకులో చెప్పారు. సగం డబ్బన్నా తిరిగివ్వమంటే రూల్ లేదన్నారు.

పల్లెపాడు చూడాల్సిన చోటే. పెన్న ఒడ్డున గాంధీగారు 1921 ఏప్రిల్ 7న ప్రారంభించిన ఆశ్రమం, అక్కడ నిలబడితే మనసు నిమ్మళిస్తుంది. నేను చిన్నప్పుడే చూశాను. అమ్మకి బస్సెక్కే ఓపిక లేదు.

టీ దగ్గర పరిచయమైన ఒక రిటైర్డ్ మాస్టారు మా గొడవంతా విని, "మా ఇంట్లో పని నడుస్తోందమ్మా, రేపు రండి, చూసిపోదురు" అన్నారు. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె, ఇక్కడందరూ బుచ్చి అంటారు. పొద్దున్నే ఆటో మాట్లాడుకున్నాం, రానూపోనూ, ఆగినంతసేపూ కలిపి 1,200. పెన్న వంతెన దాటాక రెండువైపులా వరి. అమ్మ ఆ పొలాలు చూస్తూ మొలగొలుకుల అన్నం రుచి గురించి చెబుతూనే ఉంది.

మేం వెళ్ళేసరికి మేస్త్రీ నడవాలో గోడ ముందు కూర్చుని ఉన్నాడు. డెబ్భై దాటి ఉంటాయి. పెరట్లో గుంటలో మూడు వారాలుగా నానుతున్న సున్నం, పైన జానెడు నీళ్ళు. పక్కన సున్నంలో కలపడానికి రెండు కుండలు, ఒకదాంట్లో దంచిన కరక్కాయలు, ఇంకోదాంట్లో బెల్లం నీళ్ళు. సున్నం రుబ్బే ఎద్దుల గానుగ ఇప్పుడు లేదు, కరెంటు గ్రైండర్లో రుబ్బుతున్నారు. తాపీ మీద ముద్ద తీసుకుని నా ముందు తలకిందులు చేశాడు. ముద్ద కదల్లేదు. "ఇట్టా అంటుకోవాలమ్మా. జారిందంటే ఇంకా రుబ్బాల" అన్నాడు. నా చేత్తో తీసి చూశాను, వెన్నలా ఉంది, ఇసక తగిలీ తగలనట్టు.

సంచీలో తెచ్చిన మా గోడ పెచ్చు ఇచ్చాను. గోటితో గీరి, వెనక తెల్లగా పేరుకున్నది నాలిక మీద పెట్టుకుని, "ఉప్పు" అన్నాడు. తర్వాత అడిగిన ప్రశ్నకి మా వారి మొహం చూడాలి. "గోడ పక్కన వాకిట్లో సిమెంటు పోశారా?" పోశాం. కారు పెట్టుకోవడానికి మా వారే దగ్గరుండి పోయించారు.

"నేలలో నీళ్ళకి దోవ మూసేశారు. అది గోడలోకి ఎక్కద్ది. ఎక్కిన చెమ్మ బయటికి రానీకుండా గోడకీ సిమెంటే పూశారు. ఇంక ఆ గోడకి ఊపిరి యాడాడద్దమ్మా?" అన్నాడు. నీళ్ళు ఇటుకలోంచి ఆరేటప్పుడు ఉప్పు అక్కడే గడ్డకట్టి ఇటుకని లోపల్నుంచి పగలగొడుతుందట. ముందు వాకిలి సిమెంటు గోడ పొడుగునా రెండడుగులు తీసేయాలి. తర్వాత గోడ మీది సిమెంటు పూర్తిగా కొట్టేసి, నెలో రెణ్ణెల్లో ఆరనిచ్చి, పైకి తేలే ఉప్పుని పొడి బ్రష్‌తో దులుపుతూ ఉండాలి. అప్పుడు సున్నం, పలచగా, పొర ఆరాక పొర. ఎండకి త్వరగా ఆరితే పగుళ్ళిస్తుంది, తడి గోనెపట్టాలు కప్పాలి. ఆఖరి పూతని నున్నటి రాయితో రుద్దాలి. అతని కూలి రోజుకి 1,100, సాయం మనిషికి 700. వానలు పోనిచ్చి సంక్రాంతి తర్వాత వస్తానన్నాడు.

మధ్యాహ్నం మాస్టారి ఇంట్లోనే భోజనం. ముందురోజు సాయంత్రం వండిన కొర్రమేను పులుసు, అందులో మామిడికాయ ముక్కలు. ఆ పులుసు ఒక రాత్రి నిలవుంటేనే రుచి అని మాస్టారి భార్య చెప్పింది, నిజమే. అమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుంది. హాల్లో పెట్టిన భోజనం నాకిప్పుడు గుర్తు కూడా లేదు.

ఇలాంటి శిక్షణలకి డబ్బు కట్టేముందు మేస్త్రీ వస్తాడా, ఏ ఇంట్లో, ఏ గోడ మీద చేసి చూపిస్తారని అడగండి. జవాబు సరిగ్గా రాకపోతే కట్టకండి. వెళ్ళేటప్పుడు మీ గోడ పెచ్చు ఒకటి సంచీలో వేసుకోండి.

బయల్దేరేముందు మా వారు మేస్త్రీని పక్కకి తీసుకెళ్ళి చాలాసేపు మాట్లాడారు. జేబులోంచి ఐదు వేలు తీసి చేతిలో పెట్టడం చూశాను. ఆటోలో కూర్చున్నాక, "వాకిలి సిమెంటు ఆయన వచ్చేలోపు నేనే కొట్టిస్తాను అత్తయ్యా" అని అమ్మతో అన్నారు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, నెల్లూరు వచ్చేదాకా వదల్లేదు.