ఆరేళ్లుగా ఆర్బిట్రాప్ మీద హార్మోన్ల వేట

పెప్టైడ్ హార్మోన్లు (అమైనో ఆమ్లాల గొలుసులుగా ఉండే హార్మోన్లు) వెతకడానికి ఆర్బిట్రాప్ మాస్ స్పెక్ట్రోమీటర్, అంటే అణువుల బరువు కొలిచే యంత్రం, ఎలా ఉంటుందని కొత్తగా ల్యాబ్‌లో చేరినవాళ్లు అడుగుతుంటారు. ఆరేళ్లుగా దాని ముందే కూర్చుంటున్నాను కాబట్టి రాస్తున్నా.

బరువు కొలవడంలో దీనికి వంక పెట్టలేం. చాలా పెప్టైడ్ హార్మోన్లకు చివర్లో మామూలు ఆమ్లం బదులు అమైడ్ అనే చిన్న రసాయన గుంపు ఉంటుంది, అది ఊడిపోతే వాటిలో ఎక్కువ శాతం ఎందుకూ పనికిరావు. అమైడ్ ఉంటే బరువు 0.984 డాల్టన్లు (ఒక డాల్టన్ అంటే సుమారు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు) తగ్గుతుంది, అంతే. కానీ కార్బన్-13 (కాస్త బరువైన కార్బన్) వల్ల గ్రాఫ్‌లో వచ్చే పక్క పీక్ అసలు పీక్‌కి 1.003 డాల్టన్లు పైన ఉంటుంది కదా, అమైడ్ ఉన్నదాని పక్క పీక్‌నీ, అమైడ్ లేనిదాని అసలు పీక్‌నీ విడదీసేది 0.019 మాత్రమే. ఇంత చిన్న తేడా పట్టుకోలేని పాత అయాన్ ట్రాప్ యంత్రం మీద ఇక్కడే బోల్తాపడేవాణ్ణి. ఇందులో వెయ్యి డాల్టన్ల పెప్టైడ్‌కి అది 19 పీపీఎం (పది లక్షల్లో 19 వంతులు), క్యాలిబ్రేషన్ బాగుంటే టెన్షన్ లేదు.

విసిగించేది నానోస్ప్రే సూది, అంటే శాంపిల్‌ని సన్నటి తుంపరగా యంత్రంలోకి చిమ్మేది. శుక్రవారం రాత్రి శాంపిళ్లు వరసగా పెట్టి ఇంటికెళ్తే, పొద్దున్నకి సూది పూడుకుపోయి రాత్రంతా వృథా. 445.12 దగ్గర ఎప్పుడూ కనిపించే, గాల్లోంచి వచ్చే సిలికోన్ మలినం పీక్‌ని మొదట్లో తెగ తిట్టుకున్నాను, ఇప్పుడు క్యాలిబ్రేషన్‌కి దాన్నే వాడుకుంటున్నాననుకోండి.

అసలు దెబ్బలు మాత్రం నా చేతులారా తిన్నవే. ప్రోటీన్ల పని అలవాటు కొద్దీ మొదటి ఏడాది ప్రోటీన్లను కత్తిరించే ట్రిప్సిన్ ఎంజైమ్ వేసేశాను. దొరకాల్సిన హార్మోన్‌ని నేనే ముక్కలు చేశానన్నమాట! తర్వాత ఎలుక మెదడు తీశాక వెంటనే వేడి చేసి ఎంజైములను ఆపకుండా కాస్త తాత్సారం చేస్తే, స్క్రీన్ నిండా ముక్కలైన హీమోగ్లోబిన్ తుక్కే.

బరువుల్ని బట్టి పెప్టైడ్ ఏదో చెప్పే సాఫ్ట్‌వేర్‌ని గుడ్డిగా నమ్మొద్దు. 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా బృందం ఎలుక పొట్టలోంచి తీసిన గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్‌లో 28 అమైనో ఆమ్లాలు, కానీ బరువు లెక్కకన్నా 126 డాల్టన్లు ఎక్కువ వచ్చింది. మూడో స్థానంలోని సెరీన్‌కి ఆక్టనాయిల్ అనే కొవ్వు తోక అంటుకుని ఉంది, ఆ తోక లేకుండా తయారుచేసిన పెప్టైడ్‌కి రిసెప్టార్ (కణం మీద హార్మోన్‌ని అందుకునే ప్రోటీన్) స్పందించలేదు. ఇలాంటి మార్పు ఉండొచ్చని ముందే సెర్చ్‌లో పెట్టకపోతే గ్రెలిన్ లాంటిది కళ్లముందే జారిపోతుంది. వాళ్లు మొదట్నుంచీ రిసెప్టార్ ఉన్న కణాల మీద పొట్ట సారంలోంచి విడదీసిన ప్రతి భాగాన్నీ పరీక్షిస్తూ వెతికారు, నేను తలకిందులుగా ముందు లిస్టు తయారుచేసుకున్నాను.

ఆ లిస్టులో ఇప్పటికి నలభై చిల్లర కొత్త పెప్టైడ్లున్నాయి. కణాల్లో కదలిక తెచ్చింది ఒక్కటి, అదీ రెండోసారి చేస్తే కదల్లేదు.