బీట్‌పోర్టా, బ్యాండ్‌క్యాంపా? డీజేలు లాస్‌లెస్ ట్రాక్‌లు ఎక్కడ కొంటే మేలు

320 కేబీపీఎస్ ఎంపీ3కీ, ధ్వనిలో ఏమీ కోల్పోని లాస్‌లెస్ ఫైలుకీ తేడా క్లబ్‌లో చాలామంది చెవికి అందదు. ఆ మాట నిజమే. కానీ కీ లాక్ (వేగం మారినా శ్రుతి మారకుండా పట్టి ఉంచేది) పెట్టి ట్రాక్ వేగం బాగా తగ్గించినప్పుడూ, ఎడిట్ చేసి మళ్లీ సేవ్ చేసినప్పుడూ ఎంపీ3లో పోయిన ధ్వని తిరిగి రాదు. డబ్బు పెట్టి కొంటున్నప్పుడు పూర్తి ఫైలే కొనాలంటాను.

ఎక్కడ కొనాలి? వెతకడానికి బీట్‌పోర్ట్‌ను మించింది లేదు. 2004లో డీజేల కోసమే పుట్టిన దుకాణం అది. టెక్నో, ట్రాన్స్, డ్రమ్ అండ్ బేస్ అని శైలుల వారీగా చార్టులుంటాయి, ప్రతి ట్రాక్ పక్కనా బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్‌లో), కీ (శ్రుతి) కనిపిస్తాయి. శనివారం రాత్రి సెట్ ఉండి శుక్రవారం వెతుక్కునేవాడికి ఆ సౌకర్యం చాలా విలువైనది. చిక్కల్లా ధరతోనే. అక్కడ చూపే ధర ఎంపీ3ది. వేవ్, ఏఐఎఫ్ఎఫ్ లాంటి లాస్‌లెస్ ఫార్మాట్‌లు కావాలంటే ట్రాక్ ట్రాక్‌కీ అదనంగా కట్టాలి. నెలకు ఇరవై ముప్ఫై ట్రాక్‌లు కొనేవాళ్లకి అది చిన్న మొత్తం కాదు.

కళాకారులూ లేబుళ్లూ (సంగీతాన్ని విడుదల చేసే సంస్థలు) తమ ట్రాక్‌లు తామే అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో ఆ అదనం లేదు. ఒకసారి కొంటే ఎంపీ3, ఫ్లాక్, వేవ్, ఏఐఎఫ్ఎఫ్ ఏది కావాలన్నా దించుకోవచ్చు, తర్వాత వేరే ఫార్మాట్‌లో మళ్లీ తీసుకోవచ్చు. నన్ను అటు లాగింది మాత్రం ఇంకో సంగతి: డిజిటల్ అమ్మకాల్లో సైటు వాటా 15 శాతం, అమ్మకాలు పెరిగిన ఖాతాలకు 10 శాతం. చెల్లింపు ఖర్చులు పోను మిగిలింది ట్రాక్ అమ్మినవాళ్లకే. 2020 మార్చిలో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడేల్లో, అంటే సైటు ముందే ప్రకటించే కొన్ని శుక్రవారాల్లో, ఆ వాటా కూడా వదులుకుంటారు. చిన్న లేబుల్ నడిపేవాళ్లకి ఆ రోజు మనం కొనే నాలుగు ట్రాక్‌లు నిజంగా సాయం.

లోటు లేకపోలేదు. బీపీఎం, కీ రాసి ఉండవు, రికార్డ్‌బాక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్‌లో మనమే తీయించుకోవాలి. పెద్ద లేబుళ్లు కొన్ని అక్కడ దొరకవు. అయినా నా ఓటు బ్యాండ్‌క్యాంప్‌కే: బీట్‌పోర్ట్‌లో విని ఎంచుకుని, లేబుల్ పేరుతో ముందు బ్యాండ్‌క్యాంప్‌లో వెతకండి, లేకపోతేనే వెనక్కి రండి. హౌస్ శైలి వాయించేవాళ్లు ట్రాక్స్‌సోర్స్ అనే దుకాణం కూడా చూడాలి.

ఇక ఫార్మాట్. ఆరు నిమిషాల ట్రాక్ 320 ఎంపీ3లో దాదాపు 14 ఎంబీ, సీడీ నాణ్యత వేవ్‌లో 60 ఎంబీ పైనే. ఫ్లాక్ ఆ రెంటికీ మధ్యలో ఉంటుంది, ధ్వనిలో వేవ్‌తో సమానం. ఇంట్లో దాచుకోవడానికి ఫ్లాక్ చాలు. పెన్‌డ్రైవ్‌కి మాత్రం ఏఐఎఫ్ఎఫ్ ఎంచుకోండి. సీడీజే-2000 నెక్సస్ లాంటి పాత డెక్‌లు (క్లబ్బుల్లో ఉండే డీజే ప్లేయర్లు) ఫ్లాక్‌ను చదవవు, 2016లో వచ్చిన నెక్సస్2 చదువుతుంది. మీరు వెళ్లే చోట ఏది ఉందో ముందే తెలియదు కదా! వేవ్ అన్నిట్లో ఆడినా కళాకారుడి పేరు, కవర్ బొమ్మ సరిగా నిలవవు.

మన దగ్గర కొనేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఆర్‌బీఐ నిబంధన వల్ల 2020 మార్చి నుంచి కొత్త కార్డులు విదేశీ చెల్లింపులు ఆపి ఉంచే వస్తున్నాయి. బ్యాంకు యాప్‌లో ఆ స్విచ్ వేసి, పరిమితి తక్కువగా పెట్టుకుని, కొన్నాక మళ్లీ ఆపేయండి.