జూలై ట్రేడ్: పేరున్న స్టారా, ఎదుగుతున్న కుర్రాడా?

జూలై నెలాఖరు వచ్చిందంటే నాలాంటి బేస్‌బాల్ అభిమానికి నిద్ర పట్టదు: అమెరికా జట్లు ఆటగాళ్లని ఇచ్చిపుచ్చుకునే (ట్రేడ్) గడువు ముంచుకొస్తుంది. మా జట్టు ఏటా రెండు పడవల మీదా కాళ్లు పెడుతుంది: స్టార్‌ని తేదు, కుర్రాళ్లని ఆడించదు.

ఖర్చు: స్టార్‌కి భారీ జీతం, పైగా బదులుగా ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు. కుర్రాడైతే తక్కువ జీతానికి ఏళ్ల తరబడి మనవాడే.

ఓపిక: స్టార్ మర్నాడే బరిలోకి దిగుతాడు. కుర్రాడికి మైనర్ లీగుల్లో (పెద్ద జట్టుకి ముందు ఆడే కింది స్థాయి పోటీల్లో) ఏళ్లు పడతాయి.

రిస్క్: గుండె కోత ఇక్కడే. 1987 ఆగస్టులో డెట్రాయిట్ టైగర్స్ జట్టు, అట్లాంటా జట్టు పిచ్చర్ (బంతి విసిరేవాడు) డాయల్ అలెగ్జాండర్ కోసం తన 20 ఏళ్ల కుర్ర పిచ్చర్ జాన్ స్మోల్ట్జ్‌ని ఇచ్చేసింది. ఆ ఏడాది మిగిలిన లీగ్ మ్యాచ్‌ల్లో అలెగ్జాండర్ 9 గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. డివిజన్‌లో (లీగ్‌లోని తమ గ్రూపులో) మొదటి స్థానం దక్కింది, ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ అందలేదు. డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రపు బిడ్డే అయిన స్మోల్ట్జేమో అట్లాంటాలో 1996 సై యంగ్ అవార్డు (ఏటా ఉత్తమ పిచ్చర్‌కిచ్చేది) కొట్టి, 2015లో మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు.

మరోవైపు 2016లో చికాగో కబ్స్ జట్టు, స్టార్ పిచ్చర్ చాప్‌మన్ కోసం కుర్రాడు గ్లేబర్ టోరెస్‌తో పాటు మరో ముగ్గుర్ని వదులుకుంది. 1908 తర్వాత మొదటి టైటిల్ వచ్చింది. ఆ బేరం నాకు ఈనాటికీ సబబే.

పట్టికలో పైన ఉండి ఒక్క పిచ్చర్ కొరతే అడ్డమైతే స్టార్‌ని తెచ్చుకోవాలి. గెలుపోటములు సగం సగంగా ఉంటే కుర్రాళ్లని దాచుకోవాలి, రోజూ ఆడించాలి. మా జట్టుది ఈ రెండో పరిస్థితే. మా 22 ఏళ్ల షార్ట్‌స్టాప్‌ని (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసేవాడిని) ఇంకా బెంచీ మీదే ఎందుకు కూర్చోబెడుతున్నారు?