డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు, ఇద్దరు లాయర్లు, 14 నెలలు

ముందే ఒప్పేసుకుంటున్నా, తప్పు నాదే. విశాఖ మధురవాడలో ఫ్రెండ్ గృహప్రవేశం, భోజనాలయ్యాక మేడ మీద రెండు పెగ్గులని మొదలైనవి నాలుగయ్యాయి (గృహప్రవేశం నాడు మందేమిట్రా అని మా అమ్మ ఇప్పటికీ అంటూనే ఉంది), గాజువాక దాకా బైకే కదా, ఈ టైంలో రోడ్డు ఖాళీగా ఉంటుందిలే అనుకుని బయల్దేరాను. హనుమంతవాక దగ్గర బారికేడ్లు. మెషీన్‌లోకి ఊదితే 84. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితేనే కేసు. చీటీ మీద సంతకం, స్టేషను, కేజీహెచ్‌లో (ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి) డాక్టరు పరీక్ష, తర్వాత మా బావమరిది జామీను మీద ఇల్లు.

హెల్మెట్ లేదనో, సిగ్నల్ దాటామనో పడే చలానాలాగా ఇది అక్కడికక్కడ కట్టేసి వదిలించుకునేది కాదు, కోర్టుకి వెళ్లాల్సిందే. మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 ఫైను, లేదా రెండూ. ఈ ముక్క తెలియగానే నాకు టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు. ఆ టెన్షన్‌లోనే మొదటి లాయరు దగ్గరికి వెళ్లాను, అదే నేను చేసిన రెండో తప్పు.

ఆయన్ని తెలిసినవాళ్ల తెలిసినవాళ్లు చెప్పారు. కోర్టు ఎదురుగా టీకొట్టు దగ్గరే మాటలైపోయాయి. కాగితాలు కనీసం తిప్పి చూడలేదు. "మీకేం పర్లేదు బాబూ, కేసు కొట్టేయిద్దాం, ఊదించే మెషీన్లు ఏవీ సరిగ్గా ఉండవు" అన్నారు. నాకు కావాల్సిన మాట అదే కాబట్టి 25,000కి ఒప్పుకున్నా, 15,000 ఆ రోజే ఇచ్చా, ఖాళీ వకాలతు (మన తరఫున వాదించమని లాయరుకి రాసిచ్చే కాగితం) మీద సంతకం కూడా పెట్టేశా. రసీదు అడిగితే గుమాస్తా నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది, బంగారం కొట్లో బేరమాడినవాణ్ణి చూసినట్టు చూశాడు.

తప్పు ఒప్పుకోవద్దు, ట్రయల్ నడుపుదాం అన్నారు సరే, ఆ తర్వాత ఏడు వాయిదాలు. పరవాడలో డ్యూటీకి సెలవు పెట్టి, గాజువాకలో బస్సెక్కి జగదాంబ దగ్గర దిగి, పదిన్నరకల్లా కోర్టు వరండాలో నిలబడేవాణ్ణి, సారు వచ్చేవారు కాదు. జూనియర్ వచ్చి "ఇవాళ ఏమీ అవదండీ, వెళ్లిపోండి" అనేవాడు. ఎనిమిదోసారి అసలు కబురే లేదు. ఈకోర్ట్స్ సర్వీసెస్ అని ఉచిత యాప్ ఉందని, ప్రతి కేసుకీ ఉండే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొడితే కేసు ఎక్కడుందో వస్తుందని ఆఫీసులో ఒకాయన చెబితే కొట్టి చూశా. నాకు తెలియకుండా ఒక వాయిదా వెళ్లిపోయింది, నేను హాజరు కాలేదని వారెంటు. లాయరు సారుకి ఫోన్ చేస్తే "అదంతా రొటీనే" అన్నారు.

ఆ రోజే లాయర్ని మార్చాలని డిసైడ్ అయ్యా. వేరే లాయర్ని పెట్టుకోవడానికి అభ్యంతరం లేదని రాసివ్వమని (నో అబ్జెక్షన్) అడిగితే మిగతా పదివేలు ఇస్తేగానీ ఫైలు ఇవ్వనన్నారు. ఫీజు బాకీ ఉందని క్లయింటు ఫైలు ఆపుకునే హక్కు లాయరుకి లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది, అప్పటికే కట్టేశా. పోనీ కన్స్యూమర్ కోర్టుకి వెళ్దామా అంటే అదీ లేదు, లాయర్ల సేవలు ఆ చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టే చెప్పింది. బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. నాకు ఓపిక లేక వదిలేశా.

రెండో లాయరు ఒక మేడమ్. పది నిమిషాలు మాట్లాడకుండా కాగితాలన్నీ చదివారు. తర్వాత అడిగింది ఒకటే, "ఎన్నింటికి అరెస్టు చేశారు, డాక్టరు ఎన్నింటికి చూశారు?" అరెస్టయిన రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష జరగకపోతే కస్టడీ నుంచి వదిలేయాలి, అందుకట ఆ ప్రశ్న. నాది గంటలోపే అయిపోయింది. ఆవిడ చీటీ నా ముందుకి తోసి, "ఈ సంతకం మీదేనా? 84 మీదేనా? మరి దేని మీద కొట్లాడమంటారు?" అన్నారు. సిగ్గేసింది గానీ, కేసు మొదలయ్యాక మొదటిసారి ఊపిరి ఆడినట్టు కూడా అనిపించింది. ఫీజు 8,000, రసీదుతో. ముందు వారెంటు రీకాల్ (అంటే వెనక్కి తీయించడం), తర్వాత తప్పు ఒప్పుకోవడం, అంతే ప్లాను.

ఆవిడకీ లోపాలున్నాయి. సాయంత్రం ఆరు దాటితే ఫోన్ ఎత్తరు. చెప్పిన టైం కన్నా గంటైనా కూర్చోబెడతారు. తిడతారు కూడా. శిక్షగా బీచ్ ఊడ్పిస్తారా అని అడిగితే (ఆమధ్య ఇలా దొరికినవాళ్ల చేత ఆర్కే బీచ్ శుభ్రం చేయించారు, మా ఆఫీసు వాళ్లంతా పొద్దున్నే అక్కడే వాకింగ్) "ఊడ్పిస్తే ఊడవండి, తాగినప్పుడు లేదా ఈ మొహమాటం?" అన్నారు.

చివరికి 10,000 ఫైను, కోర్టు లేచేదాకా ఆ హాల్లోనే కూర్చోవడం, ఆరు నెలలు లైసెన్స్ సస్పెన్షన్. మొదటి నెల్లోనే ఒప్పుకుని ఉంటే ఇంచుమించు ఇదే అయ్యేదని మేడమే చెప్పారు. అంటే మొదటాయనకి ఇచ్చిన 25,000, పోయిన సెలవులు నా పిరికితనం ఖరీదు. అందరూ ఒప్పేసుకోండని అనట్లేదు, పరీక్షలో నిజంగా తేడా ఉంటే కొట్లాడాల్సిందే, కానీ ఆ తేడా ఏమిటో కాగితంలో వేలు పెట్టి చూపించమని లాయర్ని అడగండి. డబ్బు లేనివాళ్లు 15100కి ఫోన్ చేయొచ్చు, న్యాయ సేవాధికార సంస్థ నంబరు అది. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.

లైసెన్స్ ఇంకా రెండు నెలలకి గానీ రాదు. పొద్దున్నే మా ఆవిడ స్కూటీ మీద కంపెనీ బస్సు దగ్గర దింపుతోంది, వెనక కూర్చుని బ్రేకు, బ్రేకు అని అరిస్తే మాత్రం "మీరు మాట్లాడకండి" అంటోంది.