యాక్సిల్ సీల్ మార్పిస్తున్నారా? డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పాత కార్లు నడిపేవాళ్ళ కోసం రాస్తున్నా. నాది 2008 ఆల్టో. ఎడమ ముందు చక్రం లోపలివైపు జిడ్డు పట్టి, దానికి దుమ్ము అంటుకుని పిడకలా గట్టిపడింది. పొద్దున్నే ఇంటి ముందు నాపరాయి మీద రూపాయి బిళ్ళంత మరక. వేలితో అద్ది వాసన చూస్తే మురిగిన కోడిగుడ్డు కంపు. అంటే ఇంజన్ ఆయిల్ కాదు, గేర్ ఆయిల్. చక్రాన్ని తిప్పే కడ్డీ (డ్రైవ్ షాఫ్ట్) గేర్ బాక్సులోకి దూరే చోట ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు, అదే యాక్సిల్ సీల్, పోయింది. ఇన్నేళ్ళ రబ్బరు, దాన్నేం అనలేం.

నెల్లూరులో ఒక షెడ్డుకి తీసుకెళ్ళా. "గంట పని అన్నా, టీ తాగి రా" అన్నాడు. నేను నిజంగానే పోయా! వచ్చేసరికి చక్రం బిగించేసి ఉంది. పాత సీల్ ఏదంటే చెత్తలో పడేశామన్నాడు. బిల్లు 2,900. సీల్, లేబరు, రెండు లీటర్ల గేర్ ఆయిల్.

మూడు వారాలకు మామిడిపండ్ల కోసం ఉలవపాడు బయల్దేరాం. తెట్టు దాటాక ఐదో గేరులో ఊళ మొదలైంది. వెనక లారీ ఏమో అంది మా ఆవిడ. నాలుగులోకి దించితే తగ్గుతోంది, ఐదులో మళ్ళీ అదే. పండ్ల బుట్ట ఎక్కించుకుని, సింగరాయకొండ దాకా నలభైలో ఈడ్చుకెళ్ళి ఒక పెద్దాయన షెడ్డులో పెట్టా.

ఆయన ముందు లెవెల్ బోల్టు విప్పాడు. బండి సమంగా నిలబెట్టి అది తీస్తే ఆయిల్ ఆ రంధ్రం అంచు దాకా ఉండాలి. వేలు వంచి లోపల తిప్పితే కొన కూడా తడవలా. కింద బోల్టు తీస్తే రెండు మూడు టీ గ్లాసులంత వచ్చింది, తారులాగా. మూడు వారాల కిందటి ఆయిలుకి ఆ రంగు రాదు. షాఫ్ట్ లాగినప్పుడు ఆయిల్ కారిపోద్ది, మళ్ళీ నింపాలి. నెల్లూరాయన బిల్లులో మాత్రమే నింపాడు.

షాఫ్ట్ తీశాక చూస్తే సీల్ ఒక పక్క బియ్యపు గింజంత లోపలికి దిగి వంకరగా ఉంది. సుత్తితో ఒకే పక్క కొట్టుంటాడు. అంచుకి గ్రీజు రాయకుండా తోసినట్టుంది, షాఫ్ట్ పళ్ళు గీసుకుని సీల్ చీలింది. పెద్దాయన సరిపోయే సాకెట్ (బోల్టులు విప్పే గొట్టంలాంటి పానా) ఆనించి చుట్టూ సమంగా తడుతూ కొత్తది దించాడు. అంతకు ముందు షాఫ్ట్ మీద సీల్ ఆనే చోట గోరుతో గీకి చూశాడు. అక్కడ గాడి పడితే ఎన్ని సీళ్ళు మార్చినా కారుద్దంట. నాది నున్నగానే ఉంది. షాఫ్ట్ కొసన, అది జారకుండా పట్టే లాక్ రింగు కూడా మార్చాడు. ఆయిల్ జీఎల్-4 (గేర్ ఆయిల్లో ఒక రకం) అని డబ్బా మీద చూపించి మరీ పోశాడు.

కానీ ఆయిల్ చాలక గేర్ బాక్సులో బేరింగులు అప్పటికే పోయాయి. గేర్ బాక్సు దించి, అన్నీ కలిపి 11,000. మేం పండ్ల బుట్టతో రైల్లో ఇంటికి.

కాబట్టి పని అయ్యేదాకా బండి దగ్గర్నించి కదలొద్దు. పాత సీల్ చేతికివ్వమనండి. లెవెల్ బోల్టు మీ కళ్ళముందే తీయించి, ఆయిల్ అంచు దాటి కారాకే మూయమనండి. ఆ రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పొద్దున్నే చూసుకోండి.

నెల్లూరాయనకి ఫోన్ చేస్తే "పాత బండి గదన్నా, కారకుండా యాడికి పోద్ది" అన్నాడు. పోయని ఆయిల్ డబ్బులైనా ఇమ్మంటే రెండు వారాలుగా రేపు రమ్మంటున్నాడు. అది తేలేదాకా షాపు పేరు రాయను. చీలిన సీల్ మాత్రం డాష్‌బోర్డులో దాచిపెట్టా.